లండన్ వీధుల్లోంచి మాయమైన రాతి శిలువలు – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి అంశం మధ్యయుగంలో లండన్ నడివీధుల్లో నిలిచిన రాతి శిలువలు. ఒకే సంగతి అడిగిన ప్రశ్నల్ని కలిపి ఒక్కచోటే జవాబిచ్చాం.

ప్రశ్న: లండన్‌లో ఛారింగ్ క్రాస్ రైల్వే స్టేషన్ ముందు ఎత్తయిన రాతి శిలువ స్తంభం ఉంది. ఏడు వందల ఏళ్ల నాటిదని వెంట ఉన్నవాళ్లు చెప్పారు. చూస్తే అంత పాతదిగా అనిపించలేదు. అసలుదేనా?

జవాబు: మీ అనుమానమే నిజం. అది 1864–65లో కట్టింది. స్టేషన్ పక్క హోటల్‌కు నమూనా గీసిన వాస్తుశిల్పి ఎడ్వర్డ్ మిడిల్టన్ బ్యారీయే దీనికీ గీశాడు. బొమ్మలు చెక్కింది థామస్ ఎర్ప్. ఎత్తు 70 అడుగులు. ఎలియనోర్ రాణి జ్ఞాపకంగా కట్టిన అసలు శిలువ ఉన్న చోటు కూడా అది కాదు. అక్కడికి సుమారు 200 మీటర్ల దూరంలో, ట్రఫాల్గర్ స్క్వేర్‌కు దక్షిణంగా, వైట్‌హాల్ వీధి మొదలయ్యే చోట అసలుది ఉండేది. ఇప్పుడక్కడ గుర్రం మీద ఒకటో చార్లెస్ రాజు కంచు విగ్రహం ఉంది.

ఈసారి వెళితే ముందు రాయిని చూడండి. స్టేషన్ ముందున్న స్తంభంలో పోర్ట్‌లాండ్ సున్నపురాయి, మాన్స్‌ఫీల్డ్ ఇసుకరాయి, అబర్డీన్ గ్రానైట్ కలిసి ఉంటాయి. 1290ల్లో కట్టిన శిలువకు వాడింది ప్రధానంగా పర్బెక్ పాలరాయి. అబర్డీన్ గ్రానైట్ కనబడిందంటే అది పదమూడో శతాబ్దపు పని కాదని వెంటనే చెప్పేయొచ్చు. రెండో ఆనవాలు, అలంకారం మరీ నిండుగా ఉండటం. బ్యారీకి ఆధారంగా దొరికినవి అసలు శిలువను చూపే మూడు పాత చిత్రాలే. వాటిలో వివరం తక్కువ. మిగిలిన ఖాళీలను అతను వేరే ఊళ్లలో నిలిచి ఉన్న శిలువల్ని చూసి నింపాడు. ఎనిమిది వైపులా ఎనిమిది రాణి బొమ్మలు పెట్టాడు. కాబట్టి దాన్ని నకలు అనడం కూడా కొంచెం ఎక్కువే, ఊహతో కట్టిన స్మారకం అనాలి. అలాగని తీసిపారేయాల్సిన పని కాదు. దాదాపు పది నెలల పాటు బాగుచేసి 2010లో పరంజా విప్పారు. బొమ్మల ముఖాలు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తాయి.

ప్రశ్న: ఆ రాణి ఎవరు? ఆమె పేరున లండన్‌లోనే శిలువలు ఎందుకు కట్టారు?

జవాబు: లండన్‌లోనే కాదు, మొత్తం పన్నెండు చోట్ల కట్టారు. ఆమె ఒకటో ఎడ్వర్డ్ రాజు భార్య, స్పెయిన్‌లోని కాస్టీల్ రాజకుమార్తె ఎలియనోర్. 1290 నవంబరు 28న లింకన్ దగ్గర హార్బీ అనే పల్లెలో చనిపోయింది. అక్కడి నుంచి దేహాన్ని వెస్ట్‌మిన్‌స్టర్‌కు తెస్తూ రాత్రిళ్లు ఆగిన ప్రతి చోటా ఒక శిలువ కట్టించమని రాజు చెప్పాడు. దారిన పోయేవాళ్లు ఆగి ఆమె ఆత్మకోసం ప్రార్థించాలన్నది ఉద్దేశం. లింకన్, గ్రాంథమ్, స్టాంఫోర్డ్, గెడింగ్టన్, నార్తాంప్టన్ పక్కన హార్డింగ్‌స్టోన్, స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్, వోబర్న్, డన్‌స్టబుల్, సెయింట్ ఆల్బన్స్, వాల్తమ్, తర్వాత లండన్‌లో చీప్‌సైడ్, చివరగా ఛారింగ్. డిసెంబరు 17న వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో సమాధి చేశారు.

ఇప్పుడు నిలిచి ఉన్నవి గెడింగ్టన్, హార్డింగ్‌స్టోన్, వాల్తమ్ శిలువలు మూడే. లండన్‌వి రెండూ పోయాయి.

ఖర్చు లెక్కలు కొంతవరకు మిగిలాయి. ఛారింగ్ శిలువకు 700 పౌండ్లకు పైగా అయింది. పన్నెండింటిలో అదే ఖరీదైనది. మేస్త్రీ రిచర్డ్ ఆఫ్ క్రండేల్ పని మధ్యలో చనిపోతే రోజర్ ఆఫ్ క్రండేల్ ముగించాడు. చీప్‌సైడ్ పని మైఖేల్ ఆఫ్ కాంటర్‌బరీది. అతనికి చెల్లించినట్టు లెక్కల్లో కనిపించేది 226 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు. ఆ విచిత్రమైన మొత్తం చూసి తికమక పడక్కర్లేదు. అప్పట్లో ఒప్పందాలు తరచూ మార్కుల్లో జరిగేవి. ఒక మార్కు అంటే 13 షిల్లింగుల 4 పెన్నీలు. లెక్కవేస్తే సరిగ్గా 340 మార్కులు.

ప్రశ్న: చీప్‌సైడ్ శిలువను జనమే పగలగొట్టారని ఒకచోట, పార్లమెంటు కూల్చిందని మరోచోట చదివాం. ఏది సరి?

జవాబు: రెండూ జరిగాయి, అరవై ఏళ్ల తేడాతో. ఈ శిలువ కథ వివరంగా చెప్పుకోదగ్గది, ఎందుకంటే ఒక కట్టడం మీద ఎన్ని రకాల దెబ్బలు పడగలవో అన్నీ దీని మీద పడ్డాయి.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. కూల్చేనాటికి అక్కడున్నది 1290ల నాటి కట్టడం కాదు. పాతది శిథిలమవడంతో 1441లో తిరిగి కట్టడానికి అనుమతి వచ్చింది. పని 1486 దాకా సాగింది. జాన్ ఫిషర్ అనే వర్తకుడు ఒక్కడే 600 మార్కులు ఇచ్చాడని జాన్ స్టో రాశాడు. లండన్ నగరాన్ని వీధి వీధినా వర్ణించి 1598లో అచ్చువేసినవాడు స్టో. ఈ శిలువలకు సంబంధించి మనకున్న సాక్షుల్లో అందరికంటే మేలైనవాడు. కొత్త కట్టడం అంతస్తులుగా లేచి, గూళ్ల నిండా బొమ్మలతో ఉండేది. 1522లో ఐదో చార్లెస్ చక్రవర్తి వచ్చినప్పుడు, 1533లో ఆన్ బొలీన్ పట్టాభిషేకానికి మళ్లీ బంగారు పూత వేశారు. రాజు ఊరేగింపు నగరంలోంచి వెళితే ఈ శిలువ ముందునుంచే వెళ్లాలి.

ఇంగ్లండు ప్రొటెస్టెంటు దేశమయ్యాక ఆ బొమ్మలే దానికి ముప్పు తెచ్చాయి. 1581 జూన్ 21 రాత్రి కింది వరస బొమ్మల్ని పగలగొట్టారు. మేరీమాత చేతుల్లోంచి బాలయేసును లాగేశారు, ఆమె చేతులు విరగ్గొట్టారు. తర్వాత 1590ల్లో తూర్పు వైపు, పాడైపోయిన క్రీస్తు పునరుత్థాన శిల్పం కింద, బూడిదరంగు రాతి గూడు కట్టి డయానా దేవత చలువరాతి బొమ్మ పెట్టారు. థేమ్స్ నీళ్లు గొట్టం ద్వారా వచ్చి ఆ బొమ్మ రొమ్ముల్లోంచి సన్నగా జారేవి. క్రైస్తవ శిలువ మీద రోమన్ దేవత నిలబడటం, అదీ నీళ్ల కుళాయిగా, ఆ కాలపు గందరగోళాన్ని ఇంతకంటే బాగా చూపే వస్తువు మరొకటి లేదు.

1599లో వచ్చిన చిక్కు మతానిది కాదు, వడ్రంగానిది. శిఖరాన ఉన్న శిలువ రాయి కాదు, కలపతో చేసి పైన సీసపు రేకు తొడిగింది. అలాంటి పనిలో పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, రేకు అతుకుల్లోంచి దిగిన నీరు లోపలే నిలిచిపోతుంది, ఆరే దారి ఉండదు. బయట సీసం చెక్కుచెదరకుండా మెరుస్తూనే ఉంటుంది, లోపల కలప పుచ్చిపోతుంది. అడ్డకొయ్య రెండు కొసలూ కిందికి వంగేదాకా ఎవరికీ తెలియలేదు. మీద పడుతుందన్న భయంతో దించారు. మళ్లీ శిలువ ఎందుకు, ఒక పిరమిడ్ పెడదామన్నారు కొందరు. ఎలిజబెత్ రాణి ఒప్పుకోలేదు. 1600లో కొత్త కలపతో చేసి, సీసం తొడిగి, బంగారు పూత వేసి నిలబెట్టారు. పన్నెండు రాత్రులు గడిచాయో లేదో, మేరీమాత బొమ్మ మీద మళ్లీ దాడి. కిరీటం పోయింది, తల దాదాపుగా ఊడింది, బిడ్డ పోయాడు, రొమ్మున పోటు.

చివరికి 1643 ఏప్రిల్‌లో, రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం జరుగుతుండగా, సర్ రాబర్ట్ హార్లీ నాయకత్వాన పార్లమెంటు ఒక కమిటీ వేసింది. విగ్రహారాధనకు, మూఢభక్తికి గుర్తులైన స్మారకాలను తొలగించడం దాని పని. మే 2న చీప్‌సైడ్ శిలువను కూల్చారు. ఒక అశ్వదళం, రెండు కాల్బలాలు కాపలా నిలిచాయి. పై శిలువ పడగానే డప్పులు మోగాయి, బాకాలు ఊదారు, జనం టోపీలు గాల్లోకి విసిరారు. మే 6 రాత్రి ఆ బొమ్మల్లో సీసంతో చేసిన పోప్ (కేథలిక్ మతాధిపతి) బొమ్మలను అక్కడే కాల్చారు. మే 10న, ఆదివారం ఆటలాడుకోవచ్చని రాజు ఇచ్చిన ప్రకటన పుస్తకాన్ని తలారి చేత అదే చోట తగలబెట్టించారు.

ప్రశ్న: అందులో ఒక్క రాయైనా మిగిలిందా?

జవాబు: రెండు మిగిలాయి. 1838లో చీప్‌సైడ్ మురుగు కాలువను తిరిగి కడుతుంటే పర్బెక్ పాలరాతి ముక్కలు రెండు బయటపడ్డాయి. వాటి మీద డాలు ఆకారాలు చెక్కి ఉన్నాయి. ఒకదానిమీద కోటలు, సింహాలు, అంటే రాణి పుట్టింటి కాస్టీల్, లియోన్ చిహ్నాలు. మరోదాని మీద ఇంగ్లండు రాజచిహ్నం. ఆ చిహ్నాల వల్లే అవి పదిహేనో శతాబ్దపు కట్టడానివి కాదని, మొదటి శిలువవే అని తేలింది. అంటే రాణి శిలువలోని రాయి, 1441 తర్వాత దాని స్థానంలో వచ్చిన కట్టడం కంటే ఎక్కువ కాలం నిలిచింది.

అవి లండన్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. లండన్ వాల్ వీధిలోని పాత భవనం 2022 డిసెంబరులో మూసేశారు, మ్యూజియం స్మిత్‌ఫీల్డ్‌కు మారుతోంది. వాటికోసమే వెళ్లేవాళ్లు ముందుగా మ్యూజియం ఆన్‌లైన్ జాబితా చూసి, ప్రదర్శనలో ఉన్నాయో లేదో మెయిల్ రాసి కనుక్కోండి. లేకపోతే వృథా ప్రయాణం అవుతుంది.

ప్రశ్న: పర్బెక్ పాలరాయి అంటే ఏమిటి? ఆరుబయట నిలిచే రాయేనా?

జవాబు: శాస్త్రం ప్రకారం అది పాలరాయే కాదు. డోర్సెట్ తీరాన పర్బెక్ ప్రాంతంలో దొరికే సున్నపురాయి. మంచినీటి నత్తగుల్లలు ఒకదానిమీద ఒకటి కుక్కినట్టు ఉంటుంది. దగ్గరగా చూస్తే బఠాణీ గింజంత చుట్టలు చుట్టలుగా గుల్లల కోతలు కనిపిస్తాయి. సానపడితే ముదురు రంగుకు వచ్చి నిగనిగలాడుతుంది. అందుకే చర్చిల లోపల స్తంభాలకు, సమాధులకు తెగ వాడారు.

ఆరుబయట మాత్రం ఇది నమ్మదగ్గ రాయి కాదు. పొరల మధ్య బంకమట్టి గీతలు ఉంటాయి. వాన నీరు అందులోకి దిగుతుంది, చలికాలంలో గడ్డకట్టి ఉబ్బుతుంది, పొర లేస్తుంది. మెరుగు కొన్నేళ్లలోనే పోతుంది. సన్నని స్తంభాలు కోసేటప్పుడు పొడవు కోసం రాయిని పొర నిలువుగా ఉండేలా నిలబెడతారు. గనిలో అడ్డంగా పడుకున్న పొర నిలువుగా నిలిస్తే చీలడం మరీ సులువు. దీనికి తోడు రాళ్లను కలిపి బిగించే ఇనుప కొక్కేలు తుప్పుపట్టి ఉబ్బి చుట్టూ ఉన్న రాయిని పగలగొడతాయి. కొక్కెం చుట్టూ సీసం బాగా నింపితే ఇది ఆలస్యమవుతుంది, అంతే.

అయినా ఛారింగ్ శిలువ రాయికి మెరిసే గుణం చివరిదాకా పోలేదు. 1647లో దాన్ని కూల్చాక కొన్ని రాళ్లు వైట్‌హాల్ ముందు వీధికి పరిచారు. మరికొన్నిటిని కత్తి పిడులుగా చేశారని, సానపెడితే పాలరాయిలా ఉన్నాయని జ్యోతిష్కుడు విలియం లిలీ రాశాడు. ఆ మాట నమ్మొచ్చు. లోపలి రాయి గట్టిగా ఉంటే పర్బెక్ సరిగ్గా అలాగే మెరుస్తుంది.

గాలీవానా చేసే పని చూడాలంటే వాల్తమ్ శిలువ మీది అసలు రాణి బొమ్మల్ని చూడండి. అలెగ్జాండర్ ఆఫ్ అబింగ్డన్ చెక్కినవి. బాగా అరిగిపోవడంతో దించి నకళ్లు పెట్టారు. అసలువి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దగ్గర ఉన్నాయి. ఇంత చెప్పినా, 1640ల దాకా నిలిచిన లండన్ శిలువలు వానకు పోలేదు. ఆజ్ఞ వల్ల పోయాయి. వాతావరణం ఒక్కటే శత్రువైతే అవి కూడా అరిగిన ముఖాలతో ఈపాటికి నిలిచే ఉండేవి.

ప్రశ్న: సెయింట్ పాల్ కేథడ్రల్ పక్కన బంగారు బొమ్మ ఉన్న స్తంభం 'పాల్స్ క్రాస్' అంటారు. అదీ రాణి శిలువేనా?

జవాబు: కాదు, దానికీ ఎలియనోర్‌కూ సంబంధం లేదు. పాల్స్ క్రాస్ ఆరుబయట ప్రసంగ వేదిక. ఆ ఆవరణలో పూర్వం నగర ప్రజల సభలు జరిగేవి. పదిహేనో శతాబ్దంలో బిషప్ థామస్ కెంప్ దాన్ని తిరిగి కట్టించాడు. రాతి మెట్ల మీద ఎనిమిది మూలల కలప వేదిక, పైన సీసపు కప్పు, కప్పు మీద శిలువ. 1526లో విలియం టిండేల్ ఇంగ్లీషులోకి తెచ్చిన కొత్త నిబంధన ప్రతులను ఇక్కడే తగలబెట్టారు. 1588లో స్పానిష్ నౌకాదళం మీద గెలుపుకు కృతజ్ఞతా ప్రసంగాలూ ఇక్కడే జరిగాయి. 1630ల్లో కేథడ్రల్ మరమ్మతులు మొదలయ్యాక ప్రసంగాలు లోపలికి మారాయి. వేదికను 1643లో తీసేశారని పదిహేడో శతాబ్దపు చరిత్రకారుడు విలియం డగ్డేల్ రాశాడు.

ఇప్పుడు కనిపించే స్తంభం 1910 నాటిది. హెచ్.సి. రిచర్డ్స్ అనే న్యాయవాది వీలునామాలో రాసిన 5,000 పౌండ్లతో కట్టారు. నమూనా రెజినాల్డ్ బ్లోమ్‌ఫీల్డ్‌ది, పైన సెయింట్ పాల్ బొమ్మ బెర్‌ట్రమ్ మెకెనల్‌ది. చాలామంది తల పైకెత్తి ఆ బొమ్మ చూసి వెళ్లిపోతారు. కేథడ్రల్ ఈశాన్య మూల దగ్గర నేల మీద చూడండి. పాత వేదిక పునాది పందొమ్మిదో శతాబ్దపు తవ్వకాల్లో దొరికింది, దాని ఆకారాన్ని నేలకు పరిచిన రాళ్లలో గుర్తుపెట్టారు. మా దృష్టిలో స్తంభం కంటే ఆ గీతే విలువైనది.

ప్రశ్న: చీప్‌సైడ్‌లో ఒక శిలువ కాదు, రెండు మూడు ఉండేవని ఒక పాత పటంలో చూశాం.

జవాబు: ఆ వీధి నడిమధ్య వరసగా కట్టడాలు ఉండేవి, పటాల్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. స్టాండర్డ్, గ్రేట్ కండ్యూట్, లిటిల్ కండ్యూట్ నీళ్లు పట్టుకునే కట్టడాలు, శిలువలు కావు. స్టాండర్డ్ హనీ లేన్ ఎదురుగా ఉండేది, రాణి శిలువ వుడ్ స్ట్రీట్ ఎదురుగా. అయితే వీధి పడమటి చివర, సెయింట్ మైఖేల్ లి క్వెర్న్ చర్చి దగ్గర 'పాత శిలువ' ఒకటి నిజంగానే ఉండేది. 1390లో తీసేశారు. తర్వాత ఆ చోట లిటిల్ కండ్యూట్ వచ్చింది. స్ట్రాండ్ వీధిలోనూ ఒక రాతి శిలువ ఉండేది. 1294లో సంచార న్యాయమూర్తులు దాని దగ్గరే కూర్చుని విచారణలు జరిపారని స్టో రాశాడు.

ప్రశ్న: కూల్చకుండా వేరే చోటికి మార్చిన శిలువ ఒక్కటీ లేదా?

జవాబు: లండన్‌లో లేదు, బ్రిస్టల్‌లో ఉంది. అక్కడి హై క్రాస్‌ను 1733లో నాలుగు వీధుల కూడలి నుంచి తీసేశారు. పెద్ద గాలికి ఊగుతోంది, ప్రాణభయమని పక్కింటి కంసాలి ఒకతను ప్రమాణం చేసి చెప్పాడు. 1736లో కాలేజ్ గ్రీన్‌లో నిలబెట్టి, నడకకు అడ్డమని 1762లో అక్కణ్ణుంచీ తీసేశారు. 1764లో అక్కడి కేథడ్రల్ పెద్ద (డీన్) ఆ రాళ్లను హెన్రీ హోర్ అనే బ్యాంకరుకు ఇచ్చేశాడు. విల్ట్‌షైర్‌లోని అతని స్టౌర్‌హెడ్ తోటలో సరస్సు పక్కన ఇప్పటికీ నిలిచి ఉంది.

ప్రశ్న: లండన్‌లో ఈ చోట్లన్నీ ఒక పూటలో చూడొచ్చా? ఎటునుంచి మొదలుపెట్టాలి?

జవాబు: చూడొచ్చు. మొత్తం నడక మూడు కిలోమీటర్ల లోపే, ఆగుతూ చూస్తే మూడు గంటలు పెట్టుకోండి. రాణి దేహం వెళ్లిన దిక్కులోనే, తూర్పు నుంచి పడమరకు నడవండి.

సెంట్రల్ లైన్‌లో సెయింట్ పాల్స్ స్టేషన్ దగ్గర దిగి, చీప్‌సైడ్ మీదుగా తూర్పుకు వుడ్ స్ట్రీట్ మూలదాకా వెళ్లండి. అక్కడ చిన్న ఖాళీ స్థలంలో పెద్ద ప్లేన్ చెట్టు ఉంది, దాని ముందు పొట్టి దుకాణాల వరస ఉంది. 1666 అగ్నిప్రమాదంలో కాలిపోయి మళ్లీ కట్టని సెయింట్ పీటర్ చర్చి శ్మశానం అది. శిలువ ఎదుటే ఉండటం వల్ల ఆ చర్చిని శిలువ దగ్గరి సెయింట్ పీటర్ అనేవాళ్లు. చెట్టుకు వీపు ఆనించి వీధిని చూస్తే, శిలువ ఉన్నచోటు మీ కళ్లముందున్న రోడ్డే. చోటు గుర్తించడానికి చెట్టును మించిన ఆనవాలు లేదు.

అక్కడి నుంచి వెనక్కి తిరిగి పాల్స్ క్రాస్ చూసి, లడ్‌గేట్ హిల్, ఫ్లీట్ స్ట్రీట్ మీదుగా స్ట్రాండ్‌కు రండి. సెయింట్ మేరీ లి స్ట్రాండ్ చర్చి చుట్టూ ఇప్పుడు వాహనాలు రావు, అక్కడ కాసేపు కూర్చోవచ్చు. తర్వాత స్టేషన్ ముందు బ్యారీ కట్టిన స్తంభం, చివర ఒకటో చార్లెస్ విగ్రహం. ఆ విగ్రహం రోడ్ల మధ్య దీవిలా ఉన్న చోట ఉంటుంది. ట్రాఫిక్ అన్ని వైపుల నుంచీ వస్తుంది, సిగ్నల్ దగ్గరే దాటండి. విగ్రహం వెనక నేలలో ఒక ఫలకం ఉంది. అసలు ఛారింగ్ శిలువ చోటు ఇదేనని, లండన్ నుంచి దూరాలు ఇక్కడి నుంచే కొలుస్తారని దాని మీద రాసి ఉంటుంది.

తిరుగు ప్రయాణానికి ఛారింగ్ క్రాస్ భూగర్భ స్టేషన్‌లో నార్తర్న్ లైన్ ప్లాట్‌ఫారం ఎంచుకోండి. గోడల పొడవునా డేవిడ్ జెంటిల్‌మన్ 1979లో చేసిన నలుపు తెలుపు చెక్కుడు చిత్రాలు ఉన్నాయి. గనిలో రాయి తీయడం, బండ్ల మీద మోయడం, ఉలితో చెక్కడం, పరంజా ఎక్కించడం, ఇలా శిలువ కట్టే పనంతా వరసగా కనిపిస్తుంది. రెండు ప్లాట్‌ఫారాల మీదా ఉన్నాయి, ఒక్కటి చూసి రైలెక్కేయకండి.